కరెంటు పోతే ఏం చేస్తది?

పోయిన నెల మా పాలిటెక్నిక్ వర్క్‌షాపుకు కంప్యూటర్‌తో నడిచే కొత్త లేత్ మెషిన్ ఒకటి వచ్చింది. దాన్ని అమ్మిన కంపెనీ ఇంజనీరు గంటసేపు తెర మీద బొమ్మలు చూపించి, చివర్లో "ఏమైనా డౌట్స్ ఉన్నాయా?" అని అడిగాడు. అప్పటికే అందరి చూపూ సమోసాల ప్లేటు మీద ఉంది. నా నోట్లోంచి నాకు తెలియకుండానే ఒక మాట వచ్చేసింది.

"కరెంటు పోతే ఏం చేస్తది?"

ప్రిన్సిపాల్ గారు నవ్వారు. ఇంజనీరు కూడా నవ్వి, "జనరేటర్ ఉంది కదా మేడం" అన్నాడు. నేను మళ్లీ మాట్లాడలేదు కానీ, సమోసా తింటున్నంతసేపూ నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. నేను ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేదాన్ని. ఆ ప్రశ్న నాది కాదు. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయే దారిలో, ఒక రేకుల షెడ్డులో, లేత్ ముందు నలభై ఏళ్లు నిలబడ్డ ఒకాయనది. ఆయన పోయి ఏడాది దాటింది. ప్రశ్న మాత్రం నా దగ్గర ఉండిపోయినట్టుంది.

ఆ చుట్టుపక్కల అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవారు. నేనూ అలాగే పిలిచాను. సన్నటి మనిషి. డెబ్బైకి దగ్గర పడ్డా ఎప్పుడూ టీషర్టులే వేసేవాడు, అవీ దుకాణాల వాళ్లు ఊరికే పంచే రకం. ఒకరోజు ఛాతీ మీద సిమెంటు బస్తా, మరోరోజు పత్తి విత్తనాల ప్యాకెట్టు, ఇంకోరోజు 'మీ నమ్మకమే మా బలం' అన్న అక్షరాలు. ఆ వయసులో ఇదేం సోకని మొదట్లో అనుకునేదాన్ని. చాయ్ వస్తే "సగమే పొయ్" అనేవాడు. పొదుపరి కాబోలు అనుకున్నాను.

మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లింది మా విద్యార్థుల ప్రాజెక్టు పని మీద. పత్తి చేలో కలుపు తీసే చిన్న బండి చేస్తున్నారు, దానికి ఒక ఇరుసు కావాలి. డ్రాయింగ్ గీసింది నేనే. ప్రతి కొలత పక్కనా, మిల్లీమీటరులో నూరోవంతుకు మించి తేడా ఉండకూడదని రాసి పెట్టాను. క్లాసులో అలా రాయడం అలవాటు.

ఉస్తాద్ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"బిడ్డా, ఇది గడియారంల పెడ్తవా, బండిల పెడ్తవా?"

"బండిలోనే."

"ఆ బండి యాడ నడుస్తది?"

"పత్తి చేనులో."

"బురదల నడిచేదానికి గింత సోకెందుకు?" అని తన చెవి వెనకాల ఉన్న పెన్సిల్ తీసి నా చేతికిచ్చాడు. "నిజంగ ఏది కావాల్నో దానికాడ్నే గీత గియ్యి. మిగిలినయి నాకు ఇడిసిపెట్టు."

రెండు చోట్ల గీశాను. ఆయన చూసి, అందులో ఒకటి కొట్టెయ్యమన్నాడు. కొట్టేశాను.

కొలతలు ఆయనకు ఇనుముకే కాదు, మనుషులకు కూడా. అంగుళంలో ఎనిమిదోవంతును పనివాళ్లు సూతు అంటారు. "మా బామ్మర్ది మంచోడే, ఒక సూతు తేడా" అనేవాడు. మాట మీద నిలబడని మనిషైతే "వానికి తొలిచే బరమా పెట్టినా సెంటర్ దొరకది." ఇరుసు తయారయ్యాక నన్ను గురించి కూడా ఏదో అన్నాడట. ఏమన్నాడని ఆయన భార్యను అడిగితే, "నీకెందుకు బిడ్డా, మంచిగనే అన్నడు" అంది. ఆ పెద్దమ్మ షెడ్డు పక్కనే కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. రెండు మిషన్ల చప్పుడూ ఒకదాని మీద ఒకటి పడుతుండేది. ఆమె మాట తక్కువ. కానీ మాట్లాడితే కుట్టుమిషన్ ఆపి మాట్లాడేది.

ఇరుసు తీసుకుని బయల్దేరుతుంటే ఉస్తాద్ అడిగాడు.

"నువ్వు కంప్యూటర్ మేడమువేనా?"

"ఎలక్ట్రానిక్స్."

"రెండు ఒక్కతాన్నే ఉంటయి గద. జర లోపలికి రా."

షెడ్డు వెనక భాగంలో టార్పాలిన్ పరదా ఒకటి కట్టి ఉంది. దాన్ని పక్కకు లాగాడు.

లోపల ఒక లేత్ ఉంది. అయితే అలాంటిది నేనెక్కడా చూడలేదు. అడుగు బెడ్డు ఏ కాలందో, పాత ఇనుము దుకాణంలో పడి ఉంటే తెచ్చుకున్నాడు. దాని మీద కొత్త స్క్రూలు, కొత్త పట్టాలు, మోటార్లు అన్నీ సొంతంగా బిగించాడు. మామూలు లేత్‌లో జాబ్, అంటే కోసే లోహపు ముక్క, గిర్రున తిరుగుతుంటే, కత్తి దాని పొడుగునా ఒక దారిలో, లోపలికీ బయటికీ మరో దారిలో కదులుతుంది. ఈయన ఇంకో రెండు దారులు కలిపాడు. జాబ్‌ను పట్టుకుని తిప్పే చక్ ఏ డిగ్రీ దగ్గర కావాలంటే అక్కడ ఆగుతుంది, కావాలంటే గడియారం ముల్లులా మెల్లగా జరుగుతుంది. కత్తి పక్కనే ఇంకో చిన్న కట్టర్ ఉంది, అది పైకీ కిందికీ పోతుంది. నాలుగు దారులు, నాలుగు మోటార్లు. వైర్లన్నీ పెద్దమ్మ జాకెట్ల బట్ట పీలికలతో కట్టి ఉన్నాయి. ఎరుపు పీలికది ఒక మోటారు, పచ్చ పీలికది ఇంకోటి.

"ఒళ్లంత తయారయింది. మెదడే లేదు," అన్నాడు. "ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాల్నో నువ్వు చూడాలె."

"నాకు లేత్ గురించి ఏమీ తెల్వదు ఉస్తాద్."

"నాకు కంప్యూటర్ తెల్వది. ఇగ బరాబరాయె."

అసలు ఇది ఎందుకు కట్టారని అడిగాను. పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లుల రోలర్ల మీద మెలికల గాడులు కొయ్యడానికి అన్నాడు. అదే ప్రశ్న పెద్దమ్మను అడిగితే, నిలబడి నిలబడి కాళ్లు నొస్తున్నాయని ఆమెకు చెప్పాడట. చాయ్ తెచ్చే ఆయనకు మాత్రం "ఊకె, టైంపాస్‌కు" అని చెప్పాడు. ఒక్క మెషిన్‌కు ఇన్ని కారణాలు ఎందుకున్నాయో నేనప్పుడు ఆలోచించలేదు.

ఆ తర్వాత ఆర్నెల్ల పాటు నా ఆదివారాలన్నీ ఆ షెడ్డులోనే గడిచాయి.

సాఫ్ట్‌వేర్‌కు పరీక్ష ఏమిటో ఆయన ముందే తేల్చి పెట్టుకున్నాడు. ఇత్తడి బొంగరం. నేను నవ్వితే కోపం రాలేదు, విప్పి చెప్పాడు. బొంగరం గుండ్రంగా లేకపోతే తిరగదు, కాబట్టి మెషిన్ అబద్ధమాడలేదు. పైగా తాడు చుట్టడానికి దాని ఒంటి మీద మెలిక గాడి ఉండాలి. కింద సన్నగా, పైకి పోతున్నకొద్దీ వెడల్పుగా ఉండే దాని మీద ఆ గాడి కొయ్యాలంటే మూడు దారులూ ఒకేసారి, ఒకదాన్ని ఒకటి చూసుకుంటూ కదలాలి. అదీ ఒక్క కోతలో రాదు. నాలుగైదుసార్లు కత్తి అదే గాడిలో పోవాలి, ప్రతిసారీ సరిగ్గా అదే చోట మొదలవ్వాలి. వెంట్రుక మందం తప్పినా గాడి మీద ఇంకో గాడి పడుతుంది.

"ఫ్యాక్టరోళ్లు ఏవో పరీక్షలు పెడ్తరట," అన్నాడు. "నాకు మాత్రం తిరుగుతె సాలు."

మొదట వచ్చింది ఒక డబ్బా. అందులోనే తెర, మీటలు, సాఫ్ట్‌వేర్ అన్నీ ఉంటాయి. దూరదేశం సరుకు. తెర మీది ఇంగ్లీషు ఎవరో నిఘంటువు పక్కన పెట్టుకుని రాసినట్టుంది. మోటారు మొరాయించినప్పుడల్లా ఒక సందేశం వచ్చేది. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో చెబితే, 'దయచేసి, ఇరుసు సంతోషంగా లేదు.' ఉస్తాద్‌కు అది తెగ నచ్చింది. నాలుగు రోజులు ఇంట్లో కూడా అదే మాట. కూరలో ఉప్పు తక్కువైతే "దయచేసి, ఇరుసు సంతోషంగ లేదు" అనేవాడట. డబ్బా రెండు దారులు బాగానే నడిపింది. మూడోది కలిసేసరికి గాడి ప్రతిసారీ కొత్త చోట మొదలైంది. బొంగరం జొన్నకంకిలా తయారైంది. డబ్బా తిరిగి పెట్టెలోకి పోయింది.

రెండోది డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్. దాన్ని చూపించడానికి హైదరాబాద్ నుంచి ఒక సేల్స్ ఇంజనీరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చేతిలో ల్యాప్‌టాప్. షెడ్డులో ఎక్కడ కూర్చోవాలో తెలియక నూనె డబ్బా మీద పాంప్లెట్ పరుచుకుని కూర్చున్నాడు. మనిషి మంచివాడు, పని తెలిసినవాడు. రెండు గంటల్లో అన్నీ కలిపి, బొంగరం తీసి చేతిలో పెట్టాడు. గాడి అద్దంలా ఉంది. ఉస్తాద్ దాన్ని గాజు పలక మీద తిప్పాడు. అది ఎంతసేపు తిరిగిందంటే, పెద్దమ్మ కుట్టుమిషన్ ఆపి లేచి వచ్చి చూసింది.

"మంచిగుంది," అన్నాడు ఉస్తాద్. ఆ మాటకు సేల్స్ ఇంజనీరు కాగితాలు బయటికి తీశాడు.

"ఒక్క మాట సారూ. కరెంటు పోతే ఏం చేస్తది?"

"యూపీఎస్ ఉంది కదా సార్. కంప్యూటర్‌కి ఏం కాదు."

"కంప్యూటర్ సంగతి గాదు. కత్తి గాడిల ఉన్నప్పుడు పోతే?"

"ఇప్పుడు కరెంటు ఎక్కడ పోతోంది సార్?"

"అవు, మంచిగనే ఉంటాంది. గాలివానొస్తె మాత్రం చెప్పి పోదు గద," అంటూ ఉస్తాద్ గోడ దగ్గరికి వెళ్లాడు. ఇంకో బొంగరం సగం కోతలో ఉంది. మేమిద్దరం ఆయన ఎటు పోతున్నాడో గమనించేలోపే మెయిన్ స్విచ్ కిందికి లాగేశాడు.

మోటార్లు ఆగిపోయాయి. కంప్యూటర్ మాత్రం చిన్న యూపీఎస్ మీద బతికే ఉంది. అది మోటార్లు ఇంకా కదులుతున్నాయనే అనుకుంటూ అంకెలు లెక్కపెట్టుకుంటూ పోయింది. ఉస్తాద్ స్విచ్ మళ్లీ పైకి వేశాడు. మోటార్లు ఉన్నచోటి నుంచి లేచాయి, కంప్యూటర్ మాత్రం తాననుకున్న చోటి నుంచి లెక్క మొదలుపెట్టింది. కత్తి వెళ్లి బొంగరంలో గుచ్చుకుని టక్కున విరిగింది. విరిగిన ముక్క ఎగిరి వెనక రేకుకు తగిలి కింద పడింది.

సేల్స్ ఇంజనీరు వంగి ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"సార్, మాన్యువల్‌లో ఉంటుంది. పవర్ పోయినప్పుడు ఆపరేటర్ వెంటనే స్టాప్ నొక్కడం మంచిదని."

"'నొక్కాలె' అని ఉన్నదా, 'నొక్కుడు మంచిది' అని ఉన్నదా?"

"మంచిది అని."

"అంటె ఆ రాసినాయన ఎన్నడు నొక్కలే," అన్నాడు ఉస్తాద్. తర్వాత ఆ అబ్బాయిని లోపలికి తీసుకెళ్లి, చేతులు కడిగించి, పెద్దమ్మ చేసిన పప్పుచారుతో అన్నం పెట్టించాడు. "నీ బొంగరం మంచిగ తిరిగింది బిడ్డా. గది అబద్ధం గాదు" అని, మొదటి బొంగరం అతనికే ఇచ్చి పంపాడు.

మూడోది ఉచితంగా దొరికేది. ఎవరో ఒక కంపెనీది కాదు, దేశదేశాల వాళ్లు తలా ఒక చెయ్యి వేసి రాసి పెట్టింది. నా పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి అందులో వేశాను. ఉస్తాద్‌కు మొదటి నుంచీ దాని మీద నమ్మకం లేదు.

"దీనికి జిమ్మేదారు ఎవ్వరు?"

"ఎవరూ లేరు ఉస్తాద్. అంటే, అందరూ."

"అందరు అంటె ఎవ్వలు లేనట్టే. పెండ్లికాడ వంట చూసుకునుడు అందరిదీ అంటె ఏమైతది? మాడుతది."

మొదటి రోజే మాడింది, అదీ నా చేతుల్లోనే. లేత్‌లో కొలత వ్యాసంలో ఇస్తారా, వ్యాసార్ధంలో ఇస్తారా అన్నది ముందే చెప్పాలి. నేను చెప్పడం మరిచిపోయాను. నలభై మిల్లీమీటర్ల బొంగరం కావలసింది ఇరవైది వచ్చింది. ఉస్తాద్ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇది దాని బిడ్డనా?" అన్నాడు. అది కూడా తిరిగింది. పెద్దమ్మ దాన్ని తీసుకుని దారపు రీళ్ల డబ్బాలో వేసుకుంది.

ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లంతా కలిసి మాట్లాడుకునే ఇంటర్నెట్ వేదిక ఒకటి ఉంది. ఆయన ప్రశ్నను ఇంగ్లీషులో అక్కడ పెట్టాను: కత్తి గాడిలో ఉండగా కరెంటు పోతే ఏం చెయ్యాలి? మరుసటి ఆదివారానికి ముగ్గురు జవాబిచ్చారు. ముగ్గురివీ మూడు మాటలు. పైగా మొదటాయన చెప్పింది తప్పని రెండో ఆయన, అసలు ఇద్దరికీ బుద్ధి లేదని మూడో ఆయన. నేను సిగ్గుపడుతూ చదివి వినిపించాను. ఉస్తాద్ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"కొట్లాడుకుంటాండ్లా?"

"అవును."

"అయితె పని చేసినోళ్లే. పని చెయ్యనోడు 'ఏం ఫికర్ లేదు సార్' అంటడు. చెయ్యి కాల్చుకున్నోడే కొట్లాడుతడు. మూడో ఆయన ఏమన్నడో మల్లొక్కసారి సదువు."

మూడో ఆయన చెప్పిన దారే పట్టాం. కరెంటు ఉందో లేదో చెప్పే తీగ ఒకటి కంప్యూటర్‌కు కలపాలి. కత్తిని లోపలికీ బయటికీ జరిపే మోటారుకు మాత్రం బ్యాటరీ ఆసరా ఇవ్వాలి. కరెంటు పోయిన మరుక్షణం అన్నీ వదిలేసి, కత్తి ముందు జాబ్‌లోంచి బయటికి రావాలి, ఆ తర్వాతే ఆగాలి. ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటివి మనమే రాసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నాలుగు ఆదివారాలు పట్టింది.

స్విచ్ లాగి ఎన్నిసార్లు పరీక్షించామో లెక్కలేదు. అసలు పరీక్ష ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వచ్చింది. గాలి లేచింది, రేకులు దడదడలాడాయి, మార్కెట్ వైపు నుంచి మిరపకాయ ఘాటు దుమ్ముతో కలిసి ముక్కులో పడింది. తుమ్ముతూ ఉండగానే కరెంటు పోయింది. సగం గాడిలో ఉన్న కత్తి, పెద్దమనిషి ఎదురైతే పక్కకు తప్పుకున్నట్టు, మెల్లగా రెండు వేళ్ల దూరం వెనక్కి జరిగి నిలబడింది. చక్ ఒంటరిగా తిరిగి తిరిగి ఆగింది. బొంగరానికి గీత కూడా పడలేదు.

వాన దిగింది. ఉస్తాద్ అందులోనే బయటికి వెళ్లి, రోడ్డు దాటి, మిర్చిబజ్జీలు కట్టించుకుని తడిసి వచ్చాడు. ముగ్గురం చీకట్లో కూర్చుని తిన్నాం.

ఇక ఇదే ఖాయం అనుకున్నాను. కానీ ఆయన అనలేదు.

ఒక చిక్కు మిగిలింది. మెషిన్ తనంతట తాను కోస్తున్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కానీ పని మొదలుపెట్టే ముందు కత్తిని జాబ్‌కు తగిలీ తగలనట్టు చేత్తోనే తీసుకెళ్లి ఆనించాలి. అందుకు అరచేతంత చక్రం ఒకటి పెట్టాం. దాన్ని ఒక మెట్టు తిప్పితే కత్తి మిల్లీమీటరులో నూరోవంతు జరుగుతుంది. నేను తిప్పితే బాగానే ఉండేది. ఆయన పట్టుకుంటే తెర మీద అంకెలు ముందుకూ వెనక్కూ గంతులేసేవి. ఆయన వెంటనే చెయ్యి తీసేసి "బాగలేదు" అనేవాడు. చక్రం మార్చాను. "బాగలేదు." తీగలు మార్చాను. "ఇంకో సాఫ్ట్‌వేర్ ఉన్నదా?" అన్నాడు. అలా మూడు వారాలైంది.

నాలుగో వారం నాకు కోపం వచ్చింది.

"ఉస్తాద్, ఇందులో తప్పేం లేదు. నేను తిప్పితే సరిగ్గానే ఉంది కదా. మీకు ఇది వద్దనుకుంటే వద్దని చెప్పండి. నా ఆదివారాలైనా నాకు మిగులుతయి."

ఆయన నా వైపు చూడలేదు. చక్రాన్ని జాగ్రత్తగా మెషిన్ మీద పెట్టి, "చాయ్ చెప్పొస్త" అని వెళ్లిపోయాడు. గంటైనా తిరిగి రాలేదు.

పక్కన కుట్టుమిషన్ ఆగింది.

"బిడ్డా," అంది పెద్దమ్మ. "ఆయన టీషర్టులే ఎందుకు తొడుగుతడో ఎరికేనా?"

తెలియదన్నట్టు తల ఊపాను.

"గుండీలు పెట్టుకునుడు రాదు. రెండేండ్లాయె. చెయ్యి నిలవది. చాయ్ సగమే పొయ్యమంటడు, నిండ పోస్తె ఒలుకుతది గద. దవాఖానకు పోయినం, గోలీలు ఇచ్చిండ్లు. కొంచెం తక్కువుంటది, మల్ల మామూలే. ఎవ్వలకు చెప్పొద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నడు. లేత్ మీద చెయ్యి పెడ్తె జాబులు ఖరాబయితానయని ఈ మెషిన్ కట్టిండు. ఇగ ఇది గూడ చెయ్యే అడుగుతాంది."

ఆ రోజు పెన్సిల్ నా చేతికి ఎందుకిచ్చాడో నాకప్పుడు అర్థమైంది. ఆర్నెల్లుగా ఆయన నా ముందు ఒక్క గీత గీయలేదు. ఆయనకు కావలసిన మెదడు, వణికే చెయ్యి పెట్టినా వణకనిది. ఆ సంగతి నాకు చెప్పకుండానే, అది ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉందో నా చేత వెతికిస్తున్నాడు.

పెద్దమ్మకు నేనూ ఒట్టేశాను. ఆ వారమంతా కాలేజీ నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చెయ్యి వణికితే చక్రం ఒక మెట్టు ముందుకు, ఒక మెట్టు వెనక్కు పోతుంది. మనిషి కావాలని తిప్పితే ఒకే వైపు పోతుంది. మొదటిదాన్ని వదిలేసి రెండోదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. చెప్పుకుంటే ఇంతే. కానీ మరీ ఎక్కువ వదిలేస్తే చక్రం మొద్దుబారిపోతుంది, తక్కువ వదిలేస్తే వణుకు కత్తిదాకా పోతుంది. నా చెయ్యి వణికించుకుంటూ ఎన్నిసార్లు చూసుకున్నానో. మా ఆయన భయపడి, జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశాడు.

ఆదివారం దాన్ని ఎక్కించి, "అప్‌డేట్ వచ్చింది ఉస్తాద్. ఒకసారి చూడండి" అన్నాను.

ఆయన అయిష్టంగానే చక్రం పట్టుకున్నాడు. అంకె కదల్లేదు. చక్రం మీద ఆయన వేళ్లు కదులుతున్నాయి, నాకు కనిపిస్తూనే ఉంది. అంకె మాత్రం నిలబడి ఉంది. మెల్లగా తిప్పాడు. ఒకటి. ఇంకోటి. ఇంకోటి. కత్తి ఒక్కో నూరోవంతే జరుగుతూ ఇత్తడి దగ్గరికి వెళ్లింది. మధ్యలో ఆయన సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పెట్టాడు. అది చిరగకుండా బిగుసుకుంది. కాగితం మందంలో ఆగింది కత్తి.

ఆయన చక్రం మీంచి చెయ్యి తీయకుండానే అడిగాడు.

"ఏం మార్చినవ్?"

"ఏం లేదు. పాతది కొంచెం తొందరపడుతుండె. నిదానం చేసిన."

"అబద్ధమాడుడు నీకు రాదు బిడ్డా," అన్నాడు. గోడవతల కుట్టుమిషన్ ఎప్పుడూ లేనంత జోరుగా నడుస్తోంది. ఆయన అటు ఒక చూపు చూసి, ఇక ఏమీ అడగలేదు. "ఇదే ఖాయం చేద్దాం" అని మాత్రం అన్నాడు.

ఆ మెషిన్ ఆయన బతికి ఉన్నన్నాళ్లూ నడిచింది. రోలర్లకు గాడులు కోసింది, దారిన పోయే పిల్లలకు బొంగరాలు కూడా. పోయే ముందటి వారం దాకా ఆయన దాని ముందే ఉన్నాడని పెద్దమ్మ చెప్పింది.

ఖాయం చేసుకున్న మరుసటి ఆదివారం సంగతి ఒకటి చెప్పాలి. షెడ్డులో అడుగు పెట్టగానే ఆయనే అన్నాడు, "ఆ కొట్లాడేటోళ్లు మనకు దారి చెప్పిండ్లు. మనం వాళ్లకు ఏమిచ్చినం? ఆ నిదానం చేసే ముక్క వాళ్లకు పెట్టు."

పెట్టాను. ఇది ఎందుకు పనికొస్తుందో రెండు మాటలు రాయాలి. నేను తటపటాయిస్తుంటే ఆయనే చెప్పాడు. "చక్రం పాతగయితె అంకెలు ఎగురుతయి, దానికోసమని రాయి." అలాగే రాశాను.

పదిరోజులకు ఒక జవాబు వచ్చింది. ఏ దేశమో రాయలేదు. తాను డెబ్బై ఆరేళ్ల మనిషినని, గడియారాలు బాగుచేసేవాణ్నని రాశాడు. 'నా చక్రం కొత్తదే. చేతులే పాతవి. వణుకుతాయి. మూడేళ్ల కింద మెషిన్ మీద దుప్పటి కప్పేశాను. మీరు రాసింది చేతులకు కూడా పనిచేస్తుందా? తెలియక అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి.'

తెలుగులో చెప్పాను. ఉస్తాద్ వింటూ, మెషిన్ మీది ఇత్తడి రజను గుడ్డతో తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"ఏం రాయమంటరు?" అన్నాను. "'పనిచెయ్యొచ్చు, చూడండి' అని రాసి ఊకుందామా?"

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. నా ముందుకు వచ్చి, అన్నాళ్లలో మొదటిసారి, కుడిచెయ్యి బల్ల మీద వేళ్లు చాపి పెట్టాడు. అది తనంతట తాను మెల్లగా వణుకుతోంది. దాచలేదు. నేనూ చూపు తిప్పుకోలేదు.

"రాయి," అన్నాడు. "చక్రం సంగతి మేం అబద్ధం రాసినం. ఇది చెయ్యి కోసమే చేసింది. నా చెయ్యి కోసం."

రాశాను.

"పొద్దుగాల్ల ఎక్కువుంటది, పదకొండు దాటినంక జర తగ్గుతది. అప్పుడు మొదలువెట్టుమను. మోచెయ్యి బెడ్డుకు ఆనిస్తె ఇంకా మంచిది. దుప్పటి తియ్యంగనే కొయ్యొద్దు, ముందుగాల నూనె పొయ్యాలె. మూడేండ్లాయె గద."

అన్నీ రాశాను. కింద ఏ పేరు పెట్టమంటారని అడిగాను.

"పేరెందుకు? వరంగల్ల ఒక లేత్ ఆయన అని రాయి." ఆ తర్వాత, "పంపుడు ఎట్లనో చూపియ్యి, నేనే పంపుత" అన్నాడు.

మౌస్ ఆయన చేతికిచ్చి, ఎక్కడ నొక్కాలో చూపించాను. ఎడమచేత్తో కుడిచెయ్యి మణికట్టు పట్టుకుని, గురి చూసి నొక్కాడు. మౌస్‌కు నేను ఆ వణుకు వదిలేసే ముక్క రాసి పెట్టలేదు. వేలు రెండుసార్లు పడింది. అదే జవాబు తెర మీద ఒకదాని కింద ఒకటి రెండుసార్లు వచ్చి కూర్చుంది.

ఒకటి తీసేస్తానని మౌస్ కోసం చెయ్యి చాపాను. ఆయన ఆపాడు.

"ఉండనియ్యి. ముసలోళ్లకు రెండుసార్లు చెప్పాలె."